కాశీరత్నము: ఏడాది తీగె పెంపకము

మన యిండ్ల ముంగిళ్ళయందును పాఠశాలల ఆవరణములయందును పెంచబడు పూదీగెలు రెండు తెగలుగా నున్నవి. మల్లె, జాజి, మాలతి, రాధామనోహరము మొదలగునవి ఒకమారు నాటినచో పెక్కేండ్లు నిలుచును. వేసవియందు ఆకు రాల్చినను, కత్తితో కొమ్మలు కోసినను, వాని మొదలు చావదు. మరల నాలుగు చినుకులు పడినంతనే చిగిర్చును. రెండవ తెగవి ఏకవార్షికములు. ఇవి తొలకరిలో మొలచి, వర్షాకాలమున ప్రాకి, శరత్కాలమున పూచి, చలి ముగియునప్పటికి విత్తనము రాల్చి, వేరుతోగూడ ఎండిపోవును. వీనికి రెండవ యేడు లేదు. ఉన్నదెల్ల విత్తనమే.

కావున ఈ రెండు తెగలను పెంచు విధమును ఒకటి కాజాలదు. మల్లెను పెంచువాడు మొదలును కాపాడుకొన్న చాలును. ఏడాది తీగెను పెంచువాడు విత్తనమును కాపాడుకొనవలెను. తీగె ఎండిపోయిన పిమ్మట దానితో మనకు పనిలేదని తలచి, విత్తనము నేరక, ముంగిలి ఊడ్చి పారవేసినచో మరుసటి యేడు ఆ పందిరి వట్టిది. దానికి మారుగా, పట్టించుకొనక విత్తనమంతయు నేల రాలనిచ్చినచో, మరుసటి యేడు కావలసిన చోటను అక్కరలేని చోటను గూడ అదియే మొలచును. ఈ రెంటి నడుమ నడచుటయే ఏడాది తీగె పెంపకములోని ముఖ్యమైన నేర్పు. దీనిని కాశీరత్నమను తీగె నుదాహరణముగా గైకొని విద్యార్థులకు వివరింపదలచితిమి. ఈ తీగె మనవారికి మిక్కిలి పరిచితము; పెంచుటకు సులభము; ధనవ్యయము లేనిది; పాఠశాలలు వేసవి సెలవుల పిమ్మట తెరచు జూన్ నెలయందే దీనిని విత్తదగును గనుక విద్యార్థులకు మిగుల అనుకూలమైనది.

పుట్టిల్లు

పేరునుబట్టి ఇది కాశీక్షేత్రమునుండి వచ్చినదని యనేకులు తలంతురు. కాని దీని పుట్టిల్లు మెక్సికో మొదలగు అమెరికా ఖండపు ఉష్ణదేశములు. ఐరోపావారి ఓడలు ఆ ఖండమునకును మన దేశమునకును రాకపోకలు సాగించిన తరువాత అక్కడి మొక్కలనేకము లిక్కడికి వచ్చినవి. మిరప, బొప్పాయి, జామ, సీతాఫలము, వేరుశనగ మున్నగునవన్నియు నట్లు వచ్చినవే. ఈ తీగెయు ఆ త్రోవను వచ్చినదే. డచ్చివారి పక్షమున మలబారును పాలించిన వాన్ రీడు అను నధికారి ఆ దేశపు వైద్యుల సహాయముతో మొక్కల బొమ్మలను, గుణములను సేకరించి, 12 సంపుటములుగా ఒక గొప్ప గ్రంథమును సిద్ధపరచెను. 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ముద్రింపబడిన ఆ ‘హోర్తుస్ మలబారికుస్’ గ్రంథమున ఈ తీగెయు చేర్చబడియున్నది. అనగా నేటికి మూడువందల యేండ్లకు పూర్వమే ఇది మన దక్షిణదేశమున పరిచితమై యుండెను. 1753వ సంవత్సరమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి శాస్త్రీయనామము నొసగెను. నేడు దీనిని శాస్త్రజ్ఞులు ‘ఐపోమియా క్వామోక్లిట్’ అని వ్యవహరింతురు.

దీని కుటుంబమును తెలిసికొనుట మేలు. మనము ఉడుకబెట్టుకొని తిను చిలగడదుంప దీనికి దగ్గరి చుట్టము. చెరువులలో ప్రాకు తూటికూరయు, సముద్రపుటొడ్డున ఇసుకపై అల్లుకొను బలబంద తీగెయు, కాలువ గట్లమీద గుంపులు గుంపులుగా పెరుగు లొట్టపీసు మొక్కయు ఒకే కుదురువి. అన్నిటి పూవులును గరాటువలె నుండుటను గమనింపుడు. చుట్టములు ఒక్క రూపున నుండినను, ఒక్క గుణమున నుండవు. ఒకటి ఆహారము, ఒకటి అలంకారము, ఒకటి బాధాకరము. ఈ సంగతి మరల కడపట ప్రస్తావింతుము.

రూపము

కాశీరత్నపు ఆకును చూచినవారు దానిని మరువజాలరు. నడి యీనెకు ఇరుప్రక్కల దారపు పోగులవంటి సన్నని చీలికలు బారులుదీరి, పక్షియీకను పోలియుండును. తీగె పందిరి నిండినప్పుడు దూరమునకు పచ్చని తెరవలె కనబడును. దగ్గరకు పోయిన ఆ తెర గుండ గాలియు వెలుగును వచ్చుచుండును. పూవు సన్నని గొట్టమువలె అంగుళము పైచిలుకు పొడవుండి, కొసను అయిదు మూలల నక్షత్రమువలె విచ్చుకొనును. రంగు నిప్పువంటి ఎరుపు. తెలుపు, గులాబి రంగుల పూవులు పూచు జాతులును కలవు. ఐదు కేసరములును, కీలాగ్రమును గొట్టమునుండి వెలుపలికి పొడుచుకొని వచ్చియుండును.

ఇట్టి సన్నని ఎఱ్ఱని గొట్టపు పూవులు తేనె త్రాగు పక్షుల కేర్పడినవి. దీని స్వదేశమున హమ్మింగు పక్షులు వచ్చి, ఎగురుచునే నిలిచి, సూదివంటి ముక్కుతో తేనె పీల్చును. మన దేశమున ఆ పక్షి లేదు. దాని పనిని మన తేనెపిట్టలును సీతాకోకచిలుకలును చేయుచున్నవి. ఎవరును రాకున్నను కాశీరత్నము తన పుప్పొడితో తానే ఫలింపగలదు. ప్రతి పూవును ఉదయమున విచ్చి ఆ దినమే వాడిపోవును. మరునాడు వేరు పూవులు వచ్చును. కావున దీనిని కోసి పాత్రలో నుంచుకొనుటకు వీలుపడదు. చూడదలచినవారు తెల్లవారి తోటకు పోవలసినదే.

విత్తుట

మృగశిర కార్తె మొదలు పునర్వసు కార్తె వరకు, అనగా జూన్ రెండవ వారము మొదలు జూలై మూడవ వారము వరకు విత్తుటకు తగిన కాలము. విత్తనము నల్లగా, పొడుగుగా, గట్టిగా నుండును. దీని పైతోలు నీటిని సులభముగా లోనికి పోనీయదు. ఇది తీగె తనకై యేర్పరచుకొన్న రక్షణ. అడవిలో ఒక్క చినుకునకే అన్ని విత్తులును మొలచి, వెనువెంట ఎండ కాసినచో, వంశమంతయు నశించును గదా! కొన్ని ముందు, కొన్ని వెనుక మొలచుటవలన వంశము నిలుచును. అడవికి మేలైన ఈ గుణము తోటవానికి మాత్రము చిక్కు. ఒకేమారు అన్నియు మొలచుటయే అతనికి కావలెను.

అందుచేత విత్తనమును గరుకు రాతిపై గాని, ఆకురాయిపై గాని రెండు మూడు మారులు రుద్ది, పైతోలు కొంచెము గీరుకొనునట్లు చేయవలెను. లోపలి పప్పు కనబడునంతగా రుద్దరాదు. పిమ్మట రాత్రియంతయు నీటిలో నానవేయవలెను. తెల్లవారునప్పటికి కొన్ని ఉబ్బియుండును. వానిని వెంటనే విత్తవలెను. ఉబ్బనివానిని పారవేయక, మరల కొంచెము రుద్ది మరల నానవేసిన మిగిలినవియు ఉబ్బును. మరుగు నీటిలో వేసినచో పని త్వరగా జరుగునని కొందరందురు గాని, అట్లు చేసిన విత్తనము ఉడికి చచ్చుటయే తరచు.

పాత విత్తనమైనచో ముందుగా పరీక్షింపవలెను. గీరిన విత్తులను పదింటిని తడి గుడ్డలో చుట్టి వారము దినములుంచుడు. వానిలో 7 మొలచినవనుకొందము. మీకు 20 మొక్కలు కావలెనన్న 20ని 10చే గుణించి 7చే భాగింపగా 28 పైచిలుకు వచ్చును. అనగా 29 విత్తులు విత్తవలెను. తరగతి గదిలో నేర్చిన త్రైరాశికము తోటలో ఉపయోగపడు తీరిది.

ఈ తీగె వేరు కదలించుట నోర్వదు. వంగ, టొమాటో మొక్కలవలె నారుమడిలో పోసి పీకి నాటుటకు తగదు. ఎచ్చట పెరుగవలెనో అచ్చటనే విత్తుట మేలు. అర యంగుళము లోతున, జానెడు దూరమున ఒక్కొక్కచోట రెండేసి విత్తులు వేసి, రెండును మొలచినచో బలహీనమైనదానిని గోటితో మొదట త్రుంచివేయవలెను. పీకరాదు, పీకినచో ప్రక్కదాని వేరు కదలును. నాలుగైదు దినములు మొదలు పది దినములలోపల మొలకలు కనబడును. మొదటి రెండాకులును ఈకవలె నుండవు. ఒక్కొక్కటియు కొమ్ములవలె రెండుగా చీలియుండును. ఇది తెలియనివారు వానిని కలుపుమొక్కలని తలచి దోకివేయుదురు. అసలైన ఈకయాకులు ఆ తరువాత వచ్చును.

నేలయు చోటును

దినమునకు ఆరు గంటలైన ఎండ తగులు చోటు కావలెను. నీడలో తీగె సాగును గాని పూయదు. ఎఱ్ఱ గరపనేల దీనికి మిక్కిలి మేలు. నల్లరేగడి యైనచో, వానకాలమున నీరు నిలిచి వేరు కుళ్ళును గనుక, బెత్తెడు ఎత్తున గట్టు పోసి, ఇసుకయు చివికిన ఆకుల ఎరువును కలిపి, ఆ గట్టుమీద విత్తవలెను. తోట లేనివారు కుండీలలో పెంచవచ్చును. అడుగు వెడల్పుగల కుండీలో మూడు మొక్కలకు మించి యుంచరాదు. ఎఱ్ఱమన్ను రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపవలెను. కుండీ యడుగున నీరు పోవు రంధ్రముమీద పెంకు ముక్కను బోర్లించుట మరువరాదు.

ప్రాకు విధము

తీగెలన్నియు ఒకే రీతిని ప్రాకవు. కాకర, సొర, దోస తీగెలకు కణుపులయొద్ద నులితీగెలు పుట్టి, అందిన దానిని పట్టుకొనును. కాశీరత్నమునకు నులితీగెలు లేవు. దాని కాండమే ఆధారమును చుట్టుకొని పైకి పోవును. కొన లేతగానున్నపుడు అది ఒకచోట నిలువక, గాలిలో మెల్లగా గుండ్రముగా తిరుగుచు ఆధారమును వెదకును. కన్ను గల జీవివలె తోచునీ చలనమును చార్లెసు డార్విను శ్రద్ధతో పరిశీలించి, 1865వ సంవత్సరమున ఒక గొప్ప వ్యాసమును ప్రకటించెను. వ్యాధిచే గది విడిచి పోజాలని దినములలో ఆయన ఒక హాపు తీగెను కుండీతోగూడ ఆ గదిలోనే యుంచుకొని, రాత్రింబవళ్ళు కనిపెట్టి చూచెను. దాని కొన వెచ్చని పగటివేళ సగటున 2 గంటల 8 నిమిషములకు ఒక చుట్టు తిరుగుచుండెను. మంచమున పడియుండియు ఒక కుండీలోని తీగెనుండి శాస్త్రమును రాబట్టుటకు వలసినది యంత్రములు గావు, ఓపిక యని ఇందువలన తెలియుచున్నది.

హాపు తీగె గడియారపు ముల్లు తిరుగు దిక్కున చుట్టుకొనును. కాశీరత్నము అందుకు వ్యతిరేకముగా చుట్టుకొనును. ఎదుట నిలిచి చూచినచో మన యెడమనుండి కుడికి పైకెక్కుచుండుట కనబడును. విద్యార్థు లొక చిన్న పరీక్ష చేయవచ్చును. లేత కొనను దారమునుండి మెల్లగా విప్పి, ఎదురు దిక్కున చుట్టి యుంచుడు. కొలది కాలములోనే అది ఆ చుట్టును వీడి, తన దిక్కుననే మరల చుట్టుకొనును. కావున తీగెను పందిరి కెక్కించువారు దాని దిక్కెరిగి చేయి సాయము చేయవలెను. లేనిచో చేసిన శ్రమ వ్యర్థము.

ఆధారము సన్నముగా నుండవలెను. లావైన రాటను ఈ సన్నని తీగె చుట్టుకొనజాలదు. రాటలు పాతినచో వానినుండి పురికొస గాని, కొబ్బరి పీచు త్రాడు గాని జానెడు దూరమున బిగించి కట్టవలెను. చీల్చిన వెదురు బద్దలును మంచివే. మొక్క జానెడు ఎత్తు కాకమునుపే ఈ యేర్పాటు ముగియవలెను. ఆలస్యమైనచో తీగెలు ఒకదాని నొకటి చుట్టుకొని జడవలె పెనవేసికొనును. అప్పుడు విడదీయబోయిన తెగును. ఆరు ఆకులు వేసిన పిమ్మట కొన నొకమారు గిల్లినచో ప్రక్కకొమ్మలు వచ్చి పందిరి అడుగునుండియు నిండుగా నల్లుకొనును. పదియడుగుల పందిరి దీనికి చాలును.

పోషణ: ఇచ్చుటయు మానుటయు

మొక్కను ప్రేమించుటయన దానికి సమృద్ధిగా ఎరువు వేసి నీరు పోయుటయని సామాన్యముగా తలంతురు. కాశీరత్నము విషయమున నీ తలంపు సరిగాదు. పశువుల ఎరువు మిక్కుటముగా వేసినను, యూరియా చల్లినను తీగె కారుమబ్బువలె పెరుగును గాని పూవులు పలుచబడును. నత్రజని అధికమైనచో మొక్క తన బలమంతయు ఆకులకును కాండమునకును వినియోగించి, పూతను వాయిదా వేయును. విత్తుటకు ముందు చివికిన ఎరువు కొలదిగా కలిపినచో చాలును. కుండీలోని తీగెకు మొగ్గ తొడుగునప్పుడు పిడికెడు ఎరువు పైమన్నులో కలుపవచ్చును. అంతకు మించి అక్కరలేదు.

నీటి సంగతియు నట్టిదే. మొలక నిలద్రొక్కుకొనువరకు నేల తడియారనీయరాదు. వేరు లోతునకు దిగిన పిమ్మట వానలు సరిగా పడుచున్నచో నీరు పోయ నక్కరలేదు. వాన మొగముచాటు వేసినపుడు రెండు దినముల కొకమారు ఉదయమున మొదట పోయవలెను. కుండీ యైనచో దినమును మట్టిని వ్రేలితో తాకి చూచి, అంగుళము లోతున పొడిగానున్నప్పుడే పోయవలెను.

విత్తిన రెండు మాసములకు పూత ఆరంభమగును. ఆశ్వయుజ కార్తికములలో మిక్కిలి నిండుగా పూయును. ఈ కుటుంబపు తీగెలు కొన్ని రాత్రుల నిడివినిబట్టి పూచునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. జపానువారు మక్కువతో పెంచు ‘అసగావో’ అను తీగెలో ఒక రకపు మొలకకు, రెండాకుల దశయందే, ఒక్క దీర్ఘమైన చీకటిరాత్రి గడచినచో మొగ్గ తొడుగుటకు చాలునని పరీక్షలవలన తేలినది. కావున ఇట్టి తీగెలను రాత్రియంతయు దీపము వెలుగు చోట విత్తకుండుట మేలు.

పురుగులు

లేత కొనలయందు పేనుబంక పట్టుట కలదు. చీమలు బారులుగా తీగె నెక్కుచున్నచో పేనుబంక యున్నదని యెరుగునది. పేనుబంక విసర్జించు తియ్యని ద్రవమునకై చీమలు దానిని కాపాడుచుండును. మొదట నీటిని వడిగా చిమ్మి కడుగవలెను. అప్పటికిని పోనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు కొంచెము సబ్బునీరును కలిపి సాయంకాలమున చల్లవలెను. ఉదయమున చల్లరాదు, అప్పుడు తేనెటీగలును సీతాకోకచిలుకలును పూవులపై నుండును. వానలు లేని పొడిదినములలో ఎఱ్ఱనల్లి ఆకులను వెలవెల పోవునట్లు చేయును. అట్టియెడ ఆకుల అడుగుభాగము తడియునట్లు నీరు చిమ్మినచో తగ్గును. గొంగళిపురుగులు రెండు మూడున్నచో చేతితో ఏరివేయుట చాలును. అంతమాత్రమునకే విషపు మందులు వాడుట అవివేకము.

చిన్నపిల్లలు గల యిండ్లవారు మరొకటి గమనింపవలెను. ఈ కుటుంబపు తీగెలలో కొన్నింటి విత్తనములు విషగుణము గలవి. కావున కాశీరత్నపు విత్తులను గూడ పసివారి చేతికి నోటికి అందనీయరాదు.

విత్తనము

పూవు వాడిన మూడు నాలుగు వారములకు చిన్న కాయ పండును. పచ్చగానున్న కాయ గడ్డిరంగునకు, పిదప గోధుమరంగునకు తిరిగి, ఎండి పగులును. ఒక్కొక్క కాయలో సాధారణముగా నాలుగు విత్తులుండును. రంగు తిరిగిన పిమ్మట, పగులకమునుపు కోయవలెను. ముందు కోసిన విత్తు ముదురదు. ఆలస్యమైన నేల రాలును. కాయలన్నియు ఒకేమారు పండవు గనుక, మార్గశిర పుష్య మాసములలో రెండు మూడు దినముల కొకమారు తీగెను చూచి ఏరుచుండవలెను. ఈ పనిని తరగతివారు వంతులు వేసికొని చేసినచో ఒక్కరిమీద భారము పడదు.

ఏ తీగెలనుండి ఏరవలెను? అందమైన దొక్కటి చూచుకొని అన్నియు దానినుండియే తీయుట కొందరి యలవాటు. ఇందుకు డార్విను చేసిన మరియొక పరిశోధన మనకు దారి చూపును. ఆయన కాశీరత్నమునకు చుట్టమైన ఊదాపూల తీగెను పది తరములు పెంచెను. ప్రతి తరమునను ఒక వైపు తన పుప్పొడితోనే ఫలించిన తీగె సంతతిని, మరియొక వైపు వేరు తీగె పుప్పొడితో ఫలించిన సంతతిని ఒకే కుండీలో నాటి, ఎత్తు కొలిచెను. పది తరముల సగటు చూడగా, పరపరాగమున పుట్టినవి 100 పాళ్ళెత్తు పెరిగినచోట స్వపరాగమున పుట్టినవి 77 పాళ్ళే పెరిగెను. ఆరవ తరమున మాత్రము స్వపరాగ సంతతియందొక తీగె తన జోడును కొంచెము మించి పెరిగెను. డార్విను దానికి ‘వీరుడు’ అని పేరు పెట్టి, దాని సంతతిని ప్రత్యేకముగా పెంచి చూచెను. ఈ ఫలితములను 1876వ సంవత్సరమున గ్రంథరూపమున ప్రకటించెను. ఆ తీగె వేరు, మన తీగె వేరు; ఐనను పలు తీగెలనుండి కొంచెము కొంచెముగా ఏరి కలిపి యుంచుట క్షేమమని దీనివలన గ్రహింపవచ్చును. రోగము పట్టిన తీగెనుండి మాత్రము ఏరరాదు. విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదు గదా!

ఏరిన కాయలను గుడ్డపై పరచి, నీడలో వారము దినము లారనిచ్చి, నలిపి పొట్టు చెరిగివేయవలెను. కాగితపు పొట్లములో కట్టి, దానిపై తీగె పేరు, పూవు రంగు, ఏరిన మాసము, సంవత్సరము వ్రాయవలెను. పొట్లములను మూతగల గాజుసీసాలో నుంచి, చెమ్మ తగులని చోట దాచవలెను. వ్రాయని పొట్లము విత్తనము పోయినదానితో సమానము. ఆరు మాసముల పిమ్మట అందేమున్నదో దాచినవారికే తెలియదు.

హద్దు

ఇక మొదట సూచించిన రెండవ ప్రమాదమును గూర్చి వ్రాయుదుము. ఒక్కొక్క కాయకు నాలుగు విత్తుల చొప్పున 25 కాయలకు 100 విత్తులు. నిండు పందిరిపై కాయలు వందలకొలది యుండును. మనకు కావలసినవి ఏబదియో నూరో. మిగిలినవి ఏమి కావలెను? నేల రాలినవి వాననీటితో కొట్టుకొనిపోయి, ఇరుగుపొరుగువారి దొడ్లలోను చేలలోను మొలచును. అమెరికా దక్షిణ రాష్ట్రములలో కాశీరత్నము తోటలు దాటి పొలములలో ప్రవేశించి, పైరుల నల్లుకొను కలుపుగా పరిగణింపబడుచున్నది.

ఇట్టి ముప్పు మనకు క్రొత్తగాదు. పైన చెప్పిన లొట్టపీసు మొక్కయు అమెరికానుండియే, పూవుల యందమునకును కంచెలకును పనికివచ్చునని తేబడినది. నేడు మన చెరువులయందును కాలువ గట్లయందును అది దట్టముగా నిండి నీటి పారుదలకు అడ్డుపడుచున్నది. దానిని మేసిన పశువులు జబ్బుపడును. ఊదాపూవులకై అదే ఖండమునుండి తేబడిన గుర్రపుడెక్క మన జలాశయములను కప్పివేయుట అందరు నెరిగినదే. తెచ్చినవారు చెడు తలంపుతో తేలేదు. అందమును చూచిరి; విత్తనమును, దాని వ్యాప్తిని చూడలేదు. ఒకరి తోటలోని యజాగ్రత్త పదిమంది రైతుల కష్టమైనది.

కావున కావలసిన విత్తనమును ఏరుకొన్న పిమ్మట మిగిలిన కాయలను పగులకమునుపే కోసి నాశనము చేయవలెను. తీగె పసుపువారి ఎండుట కారంభించినంతనే నేలమట్టమునకు కోసి, త్రాళ్ళనుండి విప్పి, కాయలు లేకుండ చూచి ఎరువుకుప్పలో వేయవలెను. త్రాళ్ళను చుట్టి దాచినచో మరుసటి యేటికి పనికివచ్చును. తొలకరిలో పందిరికి వెలుపల మొలచిన కొమ్ముల మొలకలను చూచినంతనే తీసివేయవలెను. చేలకును అడవికిని చేరువనుండు ఊళ్ళవారు ఇందు మరింత జాగరూకులై యుండుట యావశ్యకము.

విద్యార్థులారా! ఈ పనికి మీరు పెట్టవలసిన మూలధనము పది విత్తులును, రెండు బారల పురికొసయు, ప్రతిదినము పావుగంట కాలమును మాత్రమే. జూన్ నెలలో విత్తినది పరీక్షలు రాకమునుపే పూచి, కాచి, ముగియును. ఒక ప్రాణి జీవితమును మొదటినుండి తుదివరకు ఒకే విద్యాసంవత్సరమున కన్నులార చూచు అవకాశమిది. మొలచిన దినము, మొదటి పూవు విచ్చిన దినము, మొదటి కాయ పండిన దినము ఒక చిన్న పుస్తకమున వ్రాసి యుంచుకొనుడు. ఏడాది చివర పై తరగతికి పోవువారు తమ విత్తనపు పొట్లమును క్రింది తరగతివారి చేతికిచ్చి, పెంచు విధమును హద్దును గూడ వారికి చెప్పి పోవలెను. ఇట్లు చేసినచో ఏడాదికే చచ్చు తీగె పెక్కేండ్లు మన ఆవరణమున పూచుచుండును. తల్లిదండ్రులును తమ బిడ్డలకు ముంగిట బెత్తెడు చోటిచ్చి ఈ పనిని ప్రోత్సహింతురుగాక యని కోరుచున్నాము.